నాలుగింటి ఆకలి, తొమ్మిదింటి పళ్ళెం

పొద్దున తొమ్మిదింటికి మూడు ఇడ్లీలు, కాస్త కొబ్బరి చట్నీ, కాఫీ. పదకొండున్నరకి టీ, దాంతోపాటు బిస్కెట్లు. ఒంటిగంటన్నరకి బాక్సు. నాలుగు కాకుండానే కడుపులో ఏదో వెలితి. "అన్నా, చాయ్ తాగొద్దామా?" అని పక్క సీటతను లేవడమే ఆలస్యం, కింద బండి దగ్గర మిర్చి బజ్జీలు. ఇంటికొచ్చాక కారప్పూస డబ్బా మూత తీసిన చెయ్యి మళ్ళీ దాన్ని పెట్టదు. రాత్రి తొమ్మిదిన్నరకి ఆకలున్నా లేకపోయినా అన్నం, ఎందుకంటే అది అన్నం వేళ. పడుకోబోయే ముందు ఫ్రిజ్ తలుపు ఇంకోసారి. కుర్చీలో కూర్చుని పనిచేసే చాలామంది రోజు అటూ ఇటూగా ఇలాగే గడుస్తుంది.

దీనికి ఇంట్లోవాళ్ళు చెప్పే మందు ఒక్కటే: నోరు కట్టేసుకో. ఆ మందు ఎవరికీ పట్టుమని పది రోజులు పనిచెయ్యదు. పనిచెయ్యకపోవడానికి తినేవాడి బలహీనతే కారణమనుకుంటాం గానీ, ఆకలి మీద ఇన్నేళ్ళుగా వచ్చిన పరిశోధనలు చదివితే తప్పు వేరేచోట కనిపిస్తుంది. మధ్యమధ్య తిండికి మూలం చాలావరకు అసలు భోజనాల్లోనే ఉంది. పూటకి ఎంత తింటున్నాం, ఏ వేళకి తింటున్నాం, పళ్ళెంలో ఏముంది అన్న మూడూ సర్దుకుంటే బజ్జీల బండి దానంతటదే కొంత దూరం జరుగుతుంది.

ముందు ఆకలి సంగతి చూద్దాం. 1912లో హార్వర్డ్‌లో వాల్టర్ కేనన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త దగ్గర వాష్‌బర్న్ అనే విద్యార్థి ఉండేవాడు. గురువుగారి ప్రయోగం కోసం అతను గొట్టం చివర కట్టిన బెలూన్‌ని మింగి కడుపులోకి దించుకున్నాడు. అందులోకి గాలి ఊది, కడుపు ముడుచుకున్నప్పుడల్లా ఒక సూది కాగితం మీద గీత గీసే ఏర్పాటు చేశారు. తనకు ఆకలి వేసినట్టనిపించినప్పుడల్లా వాష్‌బర్న్ మీట నొక్కేవాడు. రెండు గీతలూ కలిశాయి. ఇంకేముంది, ఆకలంటే కడుపు ముడుచుకోవడమేనని కేనన్ తేల్చేశాడు. అయితే కడుపు పూర్తిగా తీసేసిన రోగులకి కూడా ఆకలి వేస్తుందని ఆ తరువాత తెలిసింది. కథ అంత తేలిక కాదని అర్థమైంది.

కడుపు గురగురలు వేరు, ఆకలి వేరు. ఖాళీగా ఉన్నప్పుడు కడుపు నుంచి చిన్నపేగు చివరిదాకా గంటన్నర, రెండు గంటలకోసారి ఒక బలమైన కదలిక సాగుతుంది. మిగిలిపోయిన మెతుకుల్నీ, రసాల్నీ, సూక్ష్మజీవుల్నీ చీపురు పట్టి ఊడ్చినట్టు ముందుకు తోసేయడం దాని పని. మనకు వినపడే చప్పుడులో చాలా భాగం దానిదే. ఏదైనా తిన్నామంటే ఆ ఊడ్పు అక్కడితో ఆగిపోతుంది. అంటే కడుపు కూసిన ప్రతిసారీ అది తిండి అడుగుతున్నట్టు కాదు. ఒక్కోసారి అది తన పని తాను చేసుకుంటుంటే మనం బిస్కెట్టు వేసి ఆపేస్తున్నాం.

తిండి అడిగే రసాయనం దొరికింది 1999లో. జపాన్‌లో కొజిమా, కంగావా అనే పరిశోధకులు కడుపు గోడల్లోంచి గ్రెలిన్ అనే హార్మోన్‌ని వేరుచేశారు. రెండేళ్ళకి అమెరికాలో డేవిడ్ కమ్మింగ్స్ బృందం కొందరి రక్తంలో దాన్ని రోజంతా కొలిచింది. పొద్దున టిఫిన్‌కి ముందు, మధ్యాహ్నం భోజనానికి ముందు, రాత్రి భోజనానికి ముందు గ్రెలిన్ సర్రున పెరుగుతోంది, తిన్న గంటలోపు దిగిపోతోంది. రోజూ ఏ వేళకి తింటామో ఆ వేళకి ముందే ఈ హార్మోన్ లేస్తుందని మరికొన్ని పరిశోధనల్లో తేలింది. రోజూ నాలుగింటికి బజ్జీ తినేవాడికి మూడున్నరకే ఆకలి వెయ్యడంలో వింతేమీ లేదు. ఆ ఆకలి నిజమైనదే, దాన్ని అలవాటు చేసింది మాత్రం మనం.

నాలుగింటి కథ ఇది. మరి పదకొండింటిది? దానికి జవాబు రక్తంలోని చక్కెరలో ఉంది. లండన్ కింగ్స్ కాలేజీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న ఒక పెద్ద పరిశోధన 2021లో వెలువడింది. 1,070 మందికి చేతికి చక్కెర కొలిచే సెన్సర్లు అంటించి, ఒకే రకం బ్రేక్‌ఫాస్ట్‌లు పెట్టి చూశారు. తిన్న వెంటనే చక్కెర ఎంత పైకి ఎగసిందన్నది ఆకలిని పెద్దగా చెప్పలేకపోయింది. రెండు మూడు గంటల తరువాత అది మొదలున్న మట్టం కన్నా ఎంత కిందికి జారిందన్నదే చెప్పగలిగింది. బాగా జారినవాళ్ళకి ఆకలి ఎక్కువైంది, తరువాతి తిండికి అరగంట ముందే చెయ్యి వెళ్ళింది, రోజు మొత్తం మీద 312 కేలరీలు అదనంగా తిన్నారు. తొమ్మిదింటికి తిన్నది పదకొండున్నరకి ఆరా తీస్తుందన్నమాట. అందరికీ ఒకేలా జారదని కూడా అందులోనే తేలింది. అదే ఇడ్లీ తిని అక్కగారు ఒంటిగంట దాకా నిమ్మళంగా ఉంటే, చెల్లెలు పదకొండింటికే వంటింట్లో డబ్బాలు వెతకడానికి ఇదొక కారణం కావచ్చు.

ఇక పళ్ళెంలోకి వద్దాం. సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం 1995లో 38 పదార్థాలను ఒక్కొక్కటీ 240 కేలరీల వంతున పెట్టి, రెండు గంటలపాటు ఎవరి కడుపు ఎంత నిండుగా అనిపించిందో అడిగింది. తెల్ల బ్రెడ్డుకి 100 మార్కులనుకుంటే ఉడికించిన బంగాళదుంపకి 323 వచ్చాయి, వెన్న పొరల క్రాసాంట్‌కి 47. తెల్లన్నానికి 138. అన్నాన్ని దోషిగా నిలబెట్టేవాళ్ళు ఈ చివరి అంకెను ఓసారి గుర్తుపెట్టుకోవాలి. అన్నం కడుపు నింపుతుంది. ఆ నిండుదనం సాయంత్రందాకా నిలుస్తుందా అన్నదే అసలు ప్రశ్న. రెండు గంటలకే ఆపేసిన ఆ ప్రయోగం దానికి జవాబు చెప్పదు.

నిలబెట్టేవాటిలో ముందు చెప్పుకోవాల్సింది మాంసకృత్తులు, అదే ప్రొటీన్. ఈ విషయం మొదట మిడతలు చెప్పాయి. స్టీఫెన్ సింప్సన్, డేవిడ్ రాబెన్‌హైమర్ అనే శాస్త్రవేత్తలు మిడతలకి రకరకాల మేత పెట్టి చూస్తే, తమకు కావలసిన ప్రొటీన్ అందేదాకా అవి తింటూనే పోయాయి. మేతలో ప్రొటీన్ పలచగా ఉంటే పిండిపదార్థం అవసరానికి మించి లోపలికి పోయింది. మనుషుల్లోనూ ఇంచుమించు ఇదే జరుగుతుందని 2005లో వాళ్ళు ప్రతిపాదించారు. దీనిమీద వాదోపవాదాలు సాగుతూనే ఉన్నాయి గానీ, మన టిఫిన్ ప్లేటు పక్కన పెట్టి చూస్తే ఆ మాట కొట్టిపారేయడం కష్టం.

లెక్క చూడండి. ఇడ్లీ పిండిలో ఒక పాలు మినప్పప్పుకి రెండు మూడు పాళ్ళు రవ్వ. ఒక మామూలు ఇడ్లీలో ప్రొటీన్ రెండు గ్రాములకి అటూ ఇటూ, మూడింటికీ కలిపి ఆరేడు. అరవై కిలోల మనిషికి రోజుకి కావలసింది సుమారు యాభై గ్రాములు. ఉప్మా అయితే పరిస్థితి ఇంకా మెరుగేమీ కాదు. అదే వంద గ్రాముల పెసలు నానబోసి రుబ్బితే ఇరవై రెండు గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది. ఆ పిండితో కాస్త మందంగా పోసిన పెసరట్లు రెండు తింటే, ఇడ్లీల కన్నా దాదాపు రెట్టింపు. పైన ఒక కోడిగుడ్డు ఉంటే ఇంకో ఆరు గ్రాములు. పెసరట్టులో ఉప్మా పెట్టుకునేవాళ్ళతో నాకు తగాదా లేదు, అది తిన్నవాళ్ళు పదకొండింటికి బిస్కెట్ల జోలికి పోవడం నేనైతే పెద్దగా చూడలేదు. ఇడ్లీయే కావాలంటే సాంబారుని చట్నీలా అద్దుకోకుండా గిన్నెనిండా పోసుకోవాలి, అదీ పప్పు బాగా తగిలే సాంబారు.

పప్పుకి మరో గుణం ఉంది. గ్లైసిమిక్ ఇండెక్స్ అన్న లెక్కకి ఆద్యుడైన టొరాంటో శాస్త్రవేత్త డేవిడ్ జెంకిన్స్ 1982లో ఒక సంగతి గమనించాడు. పొద్దున పప్పుధాన్యం తిన్నవాళ్ళకి, మధ్యాహ్నం భోజనం తరువాత కూడా, చక్కెర అంతగా ఎగసిపడలేదు. ఒక పూట తిన్నదాని మేలు తరువాతి పూటకీ అందింది. మనం పప్పుని మధ్యాహ్నానికి అట్టిపెట్టి పొద్దున్నే రవ్వల మీద పడడం, ఈ కోణంలో చూస్తే, కాస్త తలకిందుల వ్యవహారమే.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ఇటే వేలు చూపిస్తున్నాయి. భారతీయుల కేలరీల్లో సగం నుంచి డెబ్బై శాతం ధాన్యాల నుంచే వస్తోందని, దాన్ని 45 శాతానికి దించాలని ఆ సంస్థ అంటోంది. రెండువేల కేలరీల పళ్ళెంలో దాని లెక్క ప్రకారం ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400. ఆ చివరి అంకె దగ్గర ఆగి, ఇంట్లో నలుగురుంటే రోజుకి ఎన్ని కిలోల కూరగాయలు తరగాలో లెక్కవేసుకోండి. చాలా ఇళ్ళలో అరకిలో బెండకాయలు అందరికీ రెండు పూటలు సరిపెడుతున్నారు.

ఈ తేడా కళ్ళకు కట్టాలంటే ఆఫీసుకొచ్చే మూడు గిన్నెల క్యారేజీ విప్పి చూడాలి. కింది పెద్ద గిన్నెలో అదిమి పెట్టిన అన్నం. మధ్య గిన్నెలో పెరుగన్నం, అందులో ఓ ఊరమిరపకాయ. పై గిన్నెలో సగానికి బంగాళదుంప వేపుడు, మూతకి అంటుకున్న చెంచాడు ఆవకాయ. మూడు గిన్నెల్లోనూ ఎక్కువగా పిండిపదార్థమే. తినేటప్పుడు బాగానే ఉంటుంది, తిన్నాక ఆవులింతలు, మూడు దాటాక నీరసం. ఇదే క్యారేజీలో గిన్నెల వాటా మారిస్తే చాలు. పెద్ద గిన్నెలో కూర, అదీ సొరకాయో దోసకాయో బీరకాయో పప్పు వేసి వండింది. మధ్య గిన్నెలో అన్నం. పైదాంట్లో గట్టి పెరుగు. అదనపు ఖర్చు దాదాపు లేదు, వండే మనిషికి ఇంకో పది నిమిషాలు తరుగుడు మాత్రం ఉంటుంది. ఆ పది నిమిషాలు ఇంట్లో ఎవరి నెత్తిన పడుతున్నాయన్నది వేరే వ్యాసం.

కూరలో ఉన్న నీటికీ ఒక విలువుంది. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్బరా రోల్స్ బృందం 1999లో చేసిన ప్రయోగం ముచ్చటైనది. భోజనానికి ముందు కొందరు స్త్రీలకి కోడిమాంసం, బియ్యం, కూరలు వేసి వండిన వంటకం పెట్టారు. మరో రోజు అదే వంటకం, పక్కన గ్లాసుడు నీళ్ళు. ఇంకో రోజు ఆ నీళ్ళనే అందులో కలిపి సూపుగా కాచి ఇచ్చారు. సరుకు అదే, నీళ్ళు అవే. సూపు తాగిన రోజు తరువాతి భోజనంలో దాదాపు పావువంతు తక్కువ తిన్నారు. పక్కన తాగిన గ్లాసు నీళ్ళు ఏ తేడా తేలేదు. మన పప్పుచారు, మజ్జిగపులుసు ఇదే పని చెయ్యగలవు, ఒక్క షరతు మీద: విడిగా గిన్నెలో పోసుకుని ముందు తాగితే. చారు చూడగానే మరో గరిటెడు అన్నం వడ్డించుకునే అలవాటున్న చోట లెక్క మొదటికొస్తుంది.

వేళ సంగతి వేరే పెద్ద కథ. పొద్దున్నే ఆకలి వెయ్యదని చాలామంది అంటారు, అబద్ధమేమీ కాదు. ఫ్రాంక్ షీర్ అనే హార్వర్డ్ పరిశోధకుడు పన్నెండు మందిని పదమూడు రోజులు పగలూ రాత్రీ తెలియని మసక గదుల్లో ఉంచి, ఒంట్లోని గడియారం ఆకలిని ఎలా నడుపుతుందో చూశాడు. 2013లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఆకలి పొద్దున ఎనిమిది ప్రాంతంలో అట్టడుగున ఉంటుంది, రాత్రి ఎనిమిది ప్రాంతంలో శిఖరానికి చేరుతుంది. నిద్ర లేచేసరికి పది పన్నెండు గంటలు ఉపవాసం ఉన్నట్టే కదా, ఆకలి దంచెయ్యాలి. దంచదు. సాయంత్రం ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలన్న యావ మాత్రం ఒళ్ళే పుట్టిస్తుంది.

అలాంటి వేళలో పెద్ద భోజనాన్ని ఇంకా వెనక్కి జరిపితే ఏమవుతుంది? షీర్ బృందమే 2022లో పదహారు మంది మీద చూసింది. అదే తిండిని నాలుగు గంటలు ఆలస్యంగా పెడితే మెలకువగా ఉన్నంతసేపూ ఆకలి ఎక్కువైంది, తృప్తినిచ్చే లెప్టిన్ తగ్గింది, ఒళ్ళు ఖర్చు చేసే శక్తి కూడా కొంత పడిపోయింది. స్పెయిన్‌లో బరువు తగ్గే చికిత్సకి వచ్చిన 420 మందిని చూస్తే, మధ్యాహ్నపు పెద్ద భోజనం మూడు దాటాక చేసేవాళ్ళు ముందే చేసేవాళ్ళంతగా తగ్గలేదు, తిన్న కేలరీలు ఇంచుమించు ఒకటే అయినా.

మన ఇళ్ళలో ఇది గుండ్రంగా తిరుగుతుంది. రాత్రి పదింటికి గట్టి భోజనం, అందువల్ల పొద్దున ఆకలి లేదు, అందువల్ల నామమాత్రం టిఫిన్, అందువల్ల పదకొండింటికి బిస్కెట్లు, సాయంత్రం బజ్జీలు, అందువల్ల రాత్రి ఎనిమిదికి అన్నం సయించదు, కనక మళ్ళీ పదింటికి. దీన్ని తెంపాలంటే పట్టుకోవాల్సిన చోటు రాత్రి భోజనమే. దాన్ని ఎనిమిదిలోపు ముగించి, కాస్త తేలిక చేస్తే, మెల్లగా పొద్దున్నే ఆకలి తనంతట తాను లేవవచ్చు. చద్దన్నం, జొన్నరొట్టె, రాగి సంగటి తిని పొలానికి పోయి, దీపాల వేళకి తిండి ముగించిన పాతతరం వాళ్ళని గుర్తుచేసి నిట్టూర్చడం నాకిష్టం లేదు. వాళ్ళ కష్టం వేరు, ఖర్చయ్యే శక్తి వేరు, వాళ్ళకి కరెంటు దీపాలూ లేవు, ఫోన్లూ లేవు. వేళ మాత్రం వాళ్ళదే బాగుంది.

ఇక్కడ ఒక ప్రచారం గురించి చెప్పాలి. రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెం తింటే జీవక్రియ చురుగ్గా ఉంటుందని జిమ్ములో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. కెనడాలో 2010లో వెలువడిన ఒక ప్రయోగంలో స్థూలకాయులైన పదహారు మందిలో కొందరికి మూడు భోజనాలు, మరికొందరికి మూడు భోజనాలూ మూడు చిరుతిళ్ళూ, మొత్తం మీద అదే కోత. ఎనిమిది వారాలకి రెండు గుంపుల బరువూ ఒకేలా తగ్గింది. ఆరుసార్లు తినడం వల్ల కొలిమి రాజుకోలేదు. పైగా మన దగ్గర "కొంచెం కొంచెం" అన్నది కొలతలో ఉండదు, చేతిలో ఉంటుంది. ఒడిశాలో పుట్టి అమెరికాలో సాల్క్ సంస్థలో పనిచేస్తున్న సచ్చిన్ పండా, తన బృందంతో కలిసి 156 మంది చేత తిన్నది తిన్నట్టు ఫోన్లో ఫొటో తీయించాడు. రోజుకి మూడుసార్లే తింటున్నామనుకునే అమెరికన్లలో సగానికి పైగా పదిహేను గంటలపాటు ఏదో ఒకటి తింటూనే ఉన్నారు. మధ్యాహ్నంలోపు తిన్నది పావువంతు కేలరీలు కూడా కాదు.

అలాగని సాయంత్రం పలహారాన్ని రద్దు చేయమనడం తెలివితక్కువ పని. ఒంటిగంటకి తిని ఎనిమిదికి మళ్ళీ తినాలంటే మధ్యలో ఏడు గంటలు, అంతసేపు కడుపు మాడ్చుకున్నవాడు రాత్రి అన్నం మీద ఆవురావురుమంటూ పడతాడు. నాలుగున్నరకో అయిదింటికో ఒక చిన్న పూటని ఒప్పుకుని, దానికీ పళ్ళెం పెట్టి కూర్చుని తినడం మేలు. ఉడికించి తాళింపు వేసిన శనగల గుగ్గిళ్ళు, ఉడికించిన వేరుశనక్కాయలు, ఉప్పూ కారం అద్దుకున్న జామకాయ, ఏదైనా సరే. వేరుశనగలు కాయల్తోనే ఉడకబెట్టుకుంటే వొలిచే పనిలో చెయ్యి నెమ్మదిస్తుంది, వేయించినవి గుప్పిళ్ళకొద్దీ ఎగిరిపోతాయి. నెమ్మదించడం చిన్న విషయం కాదు. కడుపు నిండిందన్న కబురు మెదడుకి మోసే హార్మోన్లు, ఇప్పుడు ఇంజెక్షన్ల పుణ్యమా అని పేరు మోగిపోతున్న జీఎల్‌పీ-1 కూడా వాటిలో ఒకటి, పైకి లేవడానికి కొంత సమయం పడుతుంది. బజ్జీ ఆదివారానికి ఉంచుకోవచ్చు, వాన పడితే శనివారమే.

వేళలు మార్చిన మొదటి వారం కష్టంగానే ఉంటుంది. గ్రెలిన్ పాత వేళకే లేస్తుంది. అయితే అది లేచి అక్కడే కూర్చోదు. రోజంతా ఏమీ పెట్టకుండా కొలిచినప్పుడు కూడా భోజనం వేళకి పెరిగి, తిండి రాకపోయినా తనంతట తనే దిగిపోయింది. ఆ కాసేపు ఓ గ్లాసు మజ్జిగతో నెట్టుకురావచ్చు. నిద్ర తక్కువైన రోజు మాత్రం ఏ లెక్కా పనిచెయ్యదు. షికాగోలో పన్నెండు మంది కుర్రాళ్ళని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, లెప్టిన్ 18 శాతం తగ్గింది. షుగరుకి ఇన్సులిన్ గానీ, చక్కెరని దించే మాత్రలు గానీ వాడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా పూటలు జరపకూడదు, మందు వేళా తిండి వేళా తప్పితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులకీ ఎదిగే పిల్లలకీ ఈ లెక్కలు వర్తించవు.

మిగిలింది హైదరాబాద్‌లో అమెరికా వేళల్లో పనిచేసే రాత్రి షిఫ్టు వాళ్ళు. వాళ్ళకి రాత్రి ఎనిమిదిలోపు తినెయ్యమని చెబితే నవ్వుతారు. వాళ్ళ కోసం షీర్ బృందమే 2021లో మరో ప్రయోగం చేసింది. పందొమ్మిది మందిని రాత్రి పనివేళల్లా మేల్కొనేట్టు చేసి, కొందరికి రాత్రీ పగలూ, మరికొందరికి పగలు మాత్రమే తిండి పెట్టారు. రాత్రి తిన్నవాళ్ళ రక్తంలో చక్కెర పెరిగింది, పగలే తిన్నవాళ్ళలో పెరగలేదు. కాబట్టి వాళ్ళకి కుదిరే పద్ధతి, సాయంత్రం క్యాబ్ ఎక్కే ముందే ఇంట్లో కడుపునిండా పప్పూ కూరా అన్నం తినడం, అర్ధరాత్రి క్యాంటీన్‌లో బిర్యానీ జోలికి పోకుండా మజ్జిగతోనో ఉడికించిన గుడ్డుతోనో సరిపెట్టడం, తెల్లారి ఇంటికొచ్చాక టిఫిన్ తిని పడుకోవడం. షిఫ్టు వారానికోసారి మారేవాళ్ళకి మాత్రం ఇదీ కుదరదు. ఆ షిఫ్టుల పట్టిక వేసేది తినేవాడు కాదు.